రెండున్నర అడుగులు

వంటింటి గుమ్మం నుంచి కెమెరా దాకా పదకొండు అడుగుల నాలుగంగుళాలు. అతను మోకాళ్ళ మీద కూర్చుని నేలమీద సుద్దతో గీత పెట్టాడు. చేతిలో ఉన్న, దూరం కొలిచే లేజర్ మీటరు ఎర్రచుక్కను కుర్చీ వీపు మీద నిలిపి మళ్ళీ చూశాడు. ఏడడుగుల అంగుళం. ఇంకో గీత. సెట్ మీదికి మనుషులు రాకముందే ఇలాంటివి ముప్ఫై నాలుగు గీతలు పెట్టాడు. ఒకప్పుడు ఆరు పెడితే ఎక్కువ.

యాభై ఎనిమిదేళ్ళ మనిషి. సన్నగా, కొంచెం ముందుకు వంగి ఉంటాడు. ముప్ఫై ఒక్క ఏళ్ళు కెమెరాకి ఎడమ పక్కన నడిచి నడిచి కుడి భుజం కిందికి దిగింది. కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ లోపలివైపు కాయలు కాచి నున్నబడ్డాయి. సెట్ మీద అందరూ అతన్ని 'ఫోకస్' అని పిలుస్తారు. అది పేరు కాదు, పని. కెమెరా ముందు తిరిగే మనిషి మొహం ఎంత దూరంలో ఉందో కంటితో అంచనా కట్టి, ఆ దూరానికి తగ్గట్టు లెన్సు పక్కనున్న చక్రం తిప్పుతూ ఉండాలి. మనిషి అడుగు కదిలితే చక్రం వెంట్రుకవాసి కదలాలి. తప్పితే మొహం మసకబారుతుంది, అందరూ తిరిగి చూస్తారు. తప్పకపోతే ఎవరూ చూడరు. మొహం మొహంలా ఉంటుంది, అంతే.

పెళ్ళైన కొత్తలో భార్య టీవీలో ఒక పాట చూస్తూ అడిగింది. "ఇందులో నువ్వు చేసిందేంటి?"

"ఆ అమ్మాయి మొహం స్పష్టంగా కనిపిస్తోంది చూడు, అది."

"మొహం స్పష్టంగా కాకపోతే ఇంకెలా కనిపిస్తుంది?"

ఆమె మళ్ళీ అడగలేదు.

ఎడమ కన్ను పోయి మూడు నెలలైంది. ఒకరోజు పొద్దున గడ్డం గీసుకుంటుంటే అద్దంలో సగం మొహం పొగలో ఉన్నట్టు కనిపించింది. అద్దం తుడిచాడు. మళ్ళీ తుడిచాడు. తర్వాత కన్ను తుడుచుకున్నాడు. నరం ఎండిపోయిందనీ ఇక రాదనీ డాక్టరు చెప్పింది. బయటి నుంచి చూస్తే రెండు కళ్ళూ ఒకేలా ఉంటాయి. అందుకని ఎవరికీ చెప్పలేదు. ఇంట్లో గుమ్మాలకీ, బీరువా మూలకీ కొట్టుకుని ఎడమ భుజం నల్లగా కమిలిపోయింది. భార్య ఉంటే మొదటి వారంలోనే చొక్కా విప్పించి చూసేది, నిలబెట్టి నాలుగు కడిగేది. ఆమె పోయి రెండేళ్ళు. కమిలిన భుజాన్ని కప్పిపెట్టాల్సిన పని కూడా లేదు, చూసేవాళ్ళు లేరు.

ఒంటి కన్నుకి దూరం తెలుస్తుంది గాని నమ్మకంగా తెలియదు. పదడుగుల అవతల ఎలాగోలా సర్దుకోవచ్చు. మూడడుగుల లోపలైతే చేతికందినట్టే ఉండి అందదు. పక్కన చిన్న తెర పెడతారు గాని, మొహం మసకైన సంగతి మసకయ్యాకే అది చెబుతుంది. అందుకే ఈ గీతలు. గీతలతో పాటు పాట. పాటకి ఒక సౌకర్యం ఉంది. మనుషులు దరువుకి నడుస్తారు. వారం రోజులుగా అతను ఈ పాటను బస్సులో, మంచం మీద, స్నానాల గదిలో రోత పుట్టేదాకా విన్నాడు. ఏ మాటకి ఎన్నో అడుగో, ఎన్నో అడుగుకి ఏ గీతో వేళ్ళకి కంఠతా వచ్చింది. చూపుతో చెయ్యాల్సిన పని చెవితో చేస్తున్నాడు. ఇలా మూడు పాటలు గడిచాయి. ఎవరూ కనిపెట్టలేదు. కనిపెట్టిన రోజున మళ్ళీ ఎవరూ పిలవరు. ఒకరికి అతనితో అవసరం పడే చోటు ఈ భూమ్మీద ఈ చక్రం ఒక్కటే.

తొమ్మిదింటికల్లా సెట్ నిండింది.

కెమెరామన్ వచ్చాడు. బొద్దుగా, గుండుతో, మెడలో కంటి అద్దాలు వేలాడేసుకుని ఉంటాడు. ఫోకస్ భార్యకి తమ్ముడు. చదువు అబ్బక తిరుగుతుంటే అతనే తీసుకొచ్చి పెట్టెలు మోసే పనిలో పెట్టాడు. పెట్టెలు మోసినవాడు కెమెరా వెనక కూర్చున్నాడు. తీసుకొచ్చినవాడు పక్కనే నిలబడిపోయాడు. దానికి ఎవరూ బాధపడలేదు.

బావామరుదుల మధ్య ఉన్నది వేరే. రెండేళ్ళ కిందట ఇలాంటిదే ఒక పాట తీస్తుండగా ఫోన్లన్నీ తీసుకుని బుట్టలో వేశారు. పన్నెండు సార్లు తీశారు. పన్నెండోది అయ్యాక బుట్టలోంచి ఫోన్లు తీసుకుంటే ఇద్దరి ఫోన్లలోనూ ఆసుపత్రి నుంచి వచ్చిన పిలుపులు వరసగా ఉన్నాయి. ఒకే మనిషి ఒకడికి అక్క, ఇంకొకడికి భార్య. ఆమె ఎనిమిదో సారికీ తొమ్మిదో సారికీ మధ్య పోయింది. అప్పట్నుంచి బావమరిది అతన్ని బావా అనడం మానేశాడు. తిట్టుకోలేదు, విడిపోలేదు. పని ఉన్నప్పుడు పిలుస్తాడు. ఒకర్ని చూస్తే ఇంకొకరికి ఆ బుట్ట గుర్తొస్తుంది.

"ఫోకస్, రెడీయా?" అన్నాడు బావమరిది, చక్రం వైపు చూస్తూ.

"రెడీ."

"ఇన్ని గీతలేంటి ఇవాళ? ముగ్గు పెట్టావా?"

నవ్వారు పక్కనున్నవాళ్ళు. అతను కూడా నవ్వాడు. "కోత లేకుండా ఒకటే షాట్ కదా. నాలుగు నిమిషాలు. జాగ్రత్త మంచిది."

బావమరిది కళ్ళెత్తి ఒక్క క్షణం అతని మొహం చూసి, మళ్ళీ దించుకున్నాడు.

ఆ పాటలో కథ చిన్నది. పాట పాడిన అమ్మాయే నటిస్తుంది. పడకగదిలో లేస్తుంది. పాడుకుంటూ వంటింట్లోంచి హాల్లోకి వస్తుంది. కెమెరా ఆమె ముందు వెనక్కి జరుగుతూ హాల్లో బల్ల పక్కన ఆగుతుంది. ఆమె వీధి తలుపు దాకా వెళ్ళి, తలుపు తీసి, అలాగే తెరిచిపెట్టి వెళ్ళిపోతుంది. హాలు కనిపించినంతసేపూ తెర అంచున ఒక నల్లటి మసక ఆకారం ఉంటుంది. చూసేవాళ్ళు ఏ కర్టెనో అనుకుంటారు. ఆమె గుమ్మం దాటిన మరుక్షణం పాటలో ఒక పెద్ద దరువు పడుతుంది. ఆ దరువుతో లెన్సు ఫోకస్ గుమ్మం మీది నుంచి ఈ మసక మీదికి దూకాలి. అప్పుడు తెలుస్తుంది, అది మనిషి. ఆమె భర్త. ఇంతసేపూ అక్కడే కూర్చుని ఉన్నాడు.

గుమ్మం పద్దెనిమిది అడుగులు. భర్త మొహం రెండున్నర అడుగులు. ఆ రెంటి మధ్య దూరాన్ని ఒక్క దరువులో దాటాలి. పైగా దర్శకుడు కోరిన లెన్సులో స్పష్టంగా ఉండేది నాలుగు వేళ్ళ మందం. కళ్ళు స్పష్టమైతే చెవులు మసకే. భర్త కూర్చునేది కెమెరాకి ఎడమ వైపు. అంటే అతని చీకటి వైపు.

ఒక కాలేజీలో పాటల వీడియోల గురించి పాఠం చెప్పే లెక్చరర్ ఒకావిడ చూడ్డానికి వచ్చింది. నెరిసిన జుట్టు, మందపాటి నోటుబుక్కు. రెండు టేకుల మధ్య అతని దగ్గరికొచ్చింది. ఎడమ వైపు నుంచి వచ్చింది. మాట వినపడేదాకా ఆవిడ ఉన్నట్టే అతనికి తెలియలేదు. ఉలిక్కిపడ్డాడు.

"భయపెట్టానా? ఒక్క మాటండీ. భర్తని మసకలో ఉంచడం కథ పరంగా ఎందుకంటారు?"

"డైరెక్టరు గారు ఉంచమన్నారు."

"అది సరే. మీకేమనిపిస్తుంది?"

ఇన్నేళ్ళలో అతన్ని ఎవరూ అలా అడగలేదు. చక్రం మీది దుమ్ము వేలితో తుడిచాడు. "ఇంట్లో ఉన్నవాణ్ణి ఎవరు చూస్తారండీ? పోయేవాళ్ళనే చూస్తారు."

ఆవిడ గబగబా రాసుకుంది. అనవసరంగా నోరు జారానని అతను తిట్టుకున్నాడు. తనని గుర్తుపెట్టుకునే మనిషి ఇవాళ ఇంకొకరు పెరిగారు.

పొద్దుట ఐదు సార్లు తీశారు. ఐదు సార్లూ అతని గీతలూ లెక్కలూ అచ్చుగుద్దినట్టు కలిశాయి. దరువు, వేలు, గీత. భర్త వేషం వేసినాయన బొమ్మలా కూర్చున్నాడు. రెండున్నర దగ్గర చక్రం ఆగితే మొహం నీళ్ళలోంచి పైకి తేలినట్టు వచ్చింది. అయినా దర్శకుడికి నచ్చలేదు. ముప్ఫై ఏళ్ళవాడు. ఏదో తక్కువైందని తెలుస్తుంది, ఏది తక్కువైందో తెలియదు. టీ చేత్తో పట్టుకుని అటూ ఇటూ తిరిగాడు.

"అన్నీ కరెక్టుగానే ఉన్నాయి. అదే గోల. ప్రాణం లేదు," అన్నాడు. తర్వాత ఆగి, "డబుల్ స్పీడులో పాట వెయ్యండి. కెమెరా కూడా డబుల్‌లో తీస్తుంది. తర్వాత నెమ్మది చేస్తే పెదాలు పాటకి కలుస్తాయి, నడక మాత్రం కలలోలా ఉంటుంది" అన్నాడు.

చప్పట్లు కొట్టారు ఎవరో. అతను నేలమీది గీతల వైపు చూశాడు.

రెండు రెట్ల వేగంతో పాట మోగింది. మనుషుల గొంతు కాదు, పిట్టల గోల. అతను కంఠతా పట్టిన మాటలు ఒకదాని మీద ఒకటి పడి దొర్లిపోతున్నాయి. ఆ దరువుకి ఏ మనిషీ అడుగెయ్యలేదు. అమ్మాయి పెదాలే పాటతో పరిగెత్తుతున్నాయి, కాళ్ళు వాటి ఇష్టం. ఒకసారి పెద్ద అడుగు, ఒకసారి చిన్నది. ముప్ఫై నాలుగు గీతలు నేలమీద అలాగే ఉన్నాయి, ఒక్కటీ పనికిరాదు.

మొదటిసారి వంటింట్లోనే మొహం మసకబారి షాట్ పోయింది.

"ఫోకస్ గారూ!" అన్నాడు దర్శకుడు.

"సారీ అండీ."

రెండోసారి హాలు దాకా వచ్చి, బల్ల దగ్గర ఆమె ఆగాల్సిన చోట ఆగలేదు. మొహం మసకైంది, మళ్ళీ వచ్చింది, మళ్ళీ మసకైంది. అందరూ తిరిగి చూశారు. అమ్మాయి చెప్పులు విడిచి పాదం నొక్కుకుంటూ, "అంకుల్, నేనేమైనా తప్పు నడుస్తున్నానా?" అని అడిగింది. వెటకారం కాదు, నిజంగానే అడిగింది. అది ఇంకా బాధ.

"లేదమ్మా. నువ్వు బానే నడుస్తున్నావు."

టైం నాలుగు ఇరవై. ఐదింటికి స్టూడియో వేరేవాళ్ళది. నిర్మాత తాలూకు మనిషి వచ్చి దర్శకుడి చెవిలో ఏదో అన్నాడు. దర్శకుడు కెమెరామన్ చెవిలో అన్నాడు. కెమెరామన్ తల అడ్డంగా ఊపాడు. తన గురించేనని అతనికి వినకుండానే తెలిసింది. ఇంకొకర్ని పిలిచే వ్యవధి లేదు కాబట్టి ఉంచారు.

"ఇదే ఆఖరుది. ఇది వస్తే వచ్చింది, లేకపోతే లేదు," అన్నాడు దర్శకుడు.

అతను గీతలు చూడ్డం మానేశాడు. పాట వినడం మానేశాడు. ఉన్న ఒక్క కంటినీ అమ్మాయి కనుబొమల మధ్య పెట్టాడు. ఆమె మంచం మీది నుంచి లేచింది. ఆరడుగులు, ఐదున్నర. అతను కెమెరాతో పాటు వెనక్కి నడుస్తున్నాడు. వంటిల్లు. ఆమె తల తిప్పింది, అతని వేలు చక్రం తిప్పింది. కుర్చీ పక్కనుంచి వస్తూ సగం అడుగు పక్కకి వేసింది, వేలికి తెలిసింది. ఎలా తెలిసిందో అతను చెప్పలేడు. కన్ను చెప్పింది కొంత, కాళ్ళు చెప్పాయి కొంత, ముప్ఫై ఒక్క ఏళ్ళు కొంత. హాలు. బల్ల. కెమెరా ఆగింది. చొక్కా వీపుకి అంటుకుపోయింది. ఆమె వెనుదిరిగింది. ఎనిమిది, పది, పదమూడు. తలుపు తీసింది. బయటి వెలుతురు లోపలికి పడింది. పద్దెనిమిది. గుమ్మం దాటింది.

దరువు పడింది.

అతను తల మొత్తం ఎడమకి తిప్పాడు. భర్త మొహం ఉండాల్సిన చోట లేదు. పొద్దుట్నుంచి కూర్చుని నడుము పట్టేసిన ఆ మనిషి ముందుకు వంగి గడ్డం చేతిలో పెట్టుకున్నాడు. రెండడుగులా? రెండుంపావా? దగ్గరా, ఇంకా దగ్గరా? చేయి చాపితే తగిలేంత దూరంలో ఒక మనిషి చెంప ఉంది. అది ఎంత దూరమో అతనికి తెలియలేదు. వేళ్ళు చక్రం మీద బిగుసుకుపోయాయి. పద్దెనిమిది అడుగుల దగ్గరే, ఎవరూ లేని గుమ్మం మీదే ఫోకస్ నిలిచిపోయింది. ఒక సెకను. రెండు.

తర్వాత తెగించి తిప్పాడు. అదృష్టం, మొహానికి సరిగ్గా తగిలింది.

"కట్," అన్నాడు దర్శకుడు. గొంతులో ఏ భావమూ లేదు.

తీసిన షాట్ వేసి చూసే టీవీ చుట్టూ మూగారు. అతను వెనక నిలబడ్డాడు. ఏం జరిగిందో అతనికి తెలుసు, చూడక్కర్లేదు. ముప్ఫై ఒక్క ఏళ్ళలో దరువు తప్పడం ఇదే మొదలు. చేతులు జేబుల్లో పెట్టుకుని మాట కోసం ఎదురుచూశాడు.

వేగం తగ్గించి వేశారు. పిట్టల గోల మళ్ళీ పాటైంది. అమ్మాయి నీళ్ళలో నడుస్తున్నట్టు నడిచింది. గుమ్మం దాటింది. దరువు పడింది. ఏమీ మారలేదు. ఖాళీ గుమ్మం. బయటి వెలుతురు. సెట్ మీది రెండు సెకన్లు తెర మీద నాలుగైనాయి. చూస్తున్నవాళ్ళలో ఒక్కరూ కదల్లేదు. అప్పుడు, ఇక ఆమె రాదని తెలిశాక, భర్త మొహం మెల్లగా పైకి తేలింది.

"అబ్బా!" అంది పాడిన అమ్మాయి. కళ్ళు తుడుచుకుంది.

లెక్చరర్ చేతిలో పెన్ను ఆగలేదు. "ఆ నాలుగు సెకన్లే పాటంతా. ఆమె తిరిగి వస్తుందేమోనని కెమెరా ఎదురుచూస్తోంది. కెమెరా కాదు, భర్త. అతని ఆశ అది. దరువుకి మార్చి ఉంటే ఉత్త చమక్కయ్యేది. ఈ ఆలస్యం కావాలని చేసిందేనా?"

దర్శకుడు ఒక్క క్షణం ఆలోచించాడు. "కావాలనే అండీ. ముందే అనుకున్నాం," అన్నాడు.

అతను దర్శకుడి వైపు చూశాడు. దర్శకుడు టీవీ వైపు చూస్తున్నాడు. అందరూ ఒకరి చేతులు ఒకరు పట్టుకుని ఊపారు. ఎవరో అతని కమిలిన భుజం మీద చరిచి, "అదరగొట్టావు ఫోకస్" అన్నారు. ప్రాణం పోయినంత పనైంది నొప్పికి. "థాంక్సండీ" అన్నాడు.

గోడలు విప్పడం మొదలైంది. పడకగది పోయింది, వంటిల్లు పోయింది. అతను కెమెరా దగ్గరికెళ్ళి లెన్సు మీది దుమ్ము ఊదుతున్నాడు. బావమరిది వచ్చి కుడి వైపు నిలబడ్డాడు. కావాలనే కుడి వైపు.

"ఏ కన్ను, బావా?"

చేతిలోని బ్రష్షు ఆగింది. పొద్దుట్నుంచి భయపడిన ప్రశ్న వచ్చింది. భయం మాత్రం ఎటు పోయిందో కనిపించలేదు. "ఎడమది."

"ఎప్పట్నుంచి?"

"మూడు నెలలు."

"నాకు చెప్పొచ్చుగా."

"చెప్తే ఏం చేసేవాడివి?"

బావమరిది నేలమీది గీతలు చూశాడు. "అక్క ఉంటే నిన్ను..."

"లేదుగా."

పక్కన సుత్తి దెబ్బలు. బావమరిది గొంతు తగ్గించాడు. "నేను నోరెత్తను. నా కెమెరా మీద నువ్వే ఉండు. నిదానంగా ఉండే పాటలే ఒప్పుకుంటా. ఎవడికి తెలుస్తుంది? ఇవాళ ఎవడికి తెలిసింది? బాగుందన్నారు అందరూ."

"అదే నా బాధ."

"ఏది?"

"ముప్ఫై ఒక్క ఏళ్ళు దరువు తప్పకుండా చేశాను. బాగుందని ఒక్కడూ అనలేదు. ఇవాళ కనపడక తప్పు చేశాను, కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. అంటే ఇన్నాళ్ళూ ఎవడూ చూడలేదనేగా?"

"నేను చూశాను, బావా."

అతను తలెత్తాడు. బావమరిది కళ్ళు నేలమీదే ఉన్నాయి.

"నువ్వు చూడాలి. నీ పని అది," అన్నాడు అతను. మాట అంత కటువుగా వస్తుందని అనుకోలేదు. వెనక్కి తీసుకోనూ లేదు. లెన్సు విప్పి, మూత బిగించి, పెట్టెలో దాని గుంటలో దాన్ని పడుకోబెట్టాడు. చిన్న బ్రష్షు, కంపెనీ మీటరు పక్కన పెట్టాడు. నడుముకి కట్టుకున్న సంచి విప్పి తిరగేశాడు. సుద్దముక్కలు రాలాయి. సంచి మడిచి చంకలో పెట్టుకున్నాడు.

"రేపటి పాటకి ఎవర్ని పిలవను?" అన్నాడు బావమరిది. గొంతు పెట్టెలు మోసిన నాటి గొంతులా ఉంది.

"రెండు కళ్ళున్నవాణ్ణి."

తల కొంచెం ఎడమకి తిప్పుకుని, ఒక చేత్తో గాలిని తడుముతున్నట్టు, విప్పుతున్న గోడల మధ్య నుంచి నడుచుకుంటూ పోయాడు. వెనక్కి చూడలేదు. ఐదింటికి రావాల్సినవాళ్ళు అప్పటికే వాళ్ళ సామాను లోపలికి తోస్తున్నారు. వాళ్ళు తప్పుకుని దారి ఇచ్చారు. అతనెవరో వాళ్ళకి తెలియదు.

బావమరిది పెట్టె మూత వెయ్యబోయి ఆగాడు. స్పాంజిలో ఎనిమిది లెన్సులకి ఎనిమిది గుంటలు. మూలన కత్తితో కోసిన తొమ్మిదోది ఒకటుంది, దాన్ని ఎప్పుడూ పట్టించుకోలేదు. దాంట్లో చుట్టచుట్టిన పాత గుడ్డ టేపు, దర్జీలు వాడే రకం. పసుపు రంగు వెలిసి, అంచులు పీచులు లేచి ఉంది. కొస పట్టి లాగాడు. చివర్న ఎప్పుడో తెగిపోయిన చోట అంచు మడిచి, అక్క వేసే రకం సన్నటి కుట్లు, నల్లదారంతో. ఆ కుట్ల దగ్గర ఒకటో అంగుళం లేదు, టేపు రెండుతో మొదలైంది.